కోఠీలోని ఆంగ్ల సౌధం

జూబిలీ హిల్స్ వీధులలో ఇటీవల కట్టిన గృహాలను చూచినవారికి ఒక విషయం స్ఫురించక మానదు. ఇంటి ముంగిట రెండంతస్తుల ఎత్తున తెల్లని స్తంభాలు, వాటి తలకట్టున ఆకుల అల్లిక, ఆ పైన త్రికోణాకారపు నెన్నుదురు, క్రింద మెట్లకు ఇరుప్రక్కల సింహాలు కనబడతవి. ఫిలిం నగర్ స్టూడియోలలో జమీందారుగారి భవంతి కావలసివచ్చినప్పుడు కళాదర్శకులు నిలబెట్టేవి కూడ ఈ స్తంభాలనే. చెక్కపలకలతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వారం రోజులలో లేచిన ఆ భవంతి చిత్రీకరణ ముగిసిన మరునాడు నేలమట్టమవుతుంది. తెలుగు చలనచిత్రంలో ఐశ్వర్యానికి, దర్పానికి, చాలసార్లు కథానాయిక తండ్రికి కూడ ఈ స్తంభాలే గుర్తు. మన దేవాలయ శిల్పంలోగాని, మన మండువా లోగిళ్లలోగాని ఇవి లేవు. మరి ఈ ముచ్చట మనకు ఎక్కడనుండి వచ్చినది?

సమాధానానికి చాల దూరం పోనక్కరలేదు. ఫిలిం నగర్‌కు తూర్పుగా సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరాన, మూసీనది ఉత్తరపు ఒడ్డున, ఈ స్తంభాలన్నిటికీ పెద్దన్న వంటి భవనం ఒకటి రెండువందల ఏండ్లకు పైగా నిలిచి ఉన్నది. దానిని రెసిడెన్సీ అంటారు. కోఠీ అనగా సౌధం. ఈ కోఠీని బట్టియే ఆ పేటకంతటికీ కోఠీ అని పేరు వచ్చినదని చెబుతారు. నేడు బస్సులో కోఠీకి చీటీ తీసుకొనే లక్షలాది జనులలో ఆ కోఠీని చూచినవారు ఎందరో చెప్పలేము. పుస్తకాల అంగళ్ల రద్దీ వెనుక, గోడల నడుమ, చెట్ల చాటున అది దాగి ఉన్నది.

ఈ రీతి గృహాలకు మొదటి పురుడు ఇటలీలో జరిగినది. 16వ శతాబ్దిలో ఆంద్రియా పల్లాడియో అనే శిల్పి ప్రాచీన రోమను ఆలయాల కొలతలను శ్రద్ధగా పరిశీలించి, ఆలయ ముఖాన్ని తెచ్చి భూస్వాముల ఇళ్లకు అమర్చినాడు. 1570లో ఆయన ప్రకటించిన వాస్తుగ్రంథం ఐరోపా అంతటా ప్రాకినది. 18వ శతాబ్దినాటి ఆంగ్ల ప్రభువులు తమ పల్లెపట్టులలో కట్టించుకొన్న మహాసౌధాలలో అనేకం ఆ మార్గంలోనివే. వాటిలో డెర్బీషైరులోని కెడిల్‌స్టన్ సౌధాన్ని మాదిరిగా పెట్టుకొని 1799 మొదలు 1803 వరకు కలకత్తాలో గవర్నరు జనరలు భవనం కట్టినారు. అమెరికా రాష్ట్రాధ్యక్షుని శ్వేతసౌధం కూడ ఆ దశకపు కట్టడమే. కోఠీ రెసిడెన్సీ దక్షిణ ముఖం అర్ధచంద్రాకారంగా ముందుకు వచ్చి ఉండడం చూచి, చాలమంది దానిని శ్వేతసౌధంతో పోల్చుతారు. రెండూ ఒకే వంశంలో ఇంచుమించు ఒకే కాలాన పుట్టిన దాయాదులు గనుక పోలిక సహజమే.

ఇక ఈ సౌధాన్ని తలపెట్టినవాడు జేమ్సు ఎకిలీసు కర్క్‌పాట్రిక్. ఈయన 1764లో మద్రాసులోనే జన్మించినాడు. 1798 మొదలు 1805 వరకు నైజాము దర్బారులో ఈస్టిండియా కంపెనీవారి రెసిడెంటుగా ఉన్నాడు. పదవికి వచ్చిన ఏటనే నైజాముతో సైన్యసహకారపు సంధి కుదిర్చి, హైదరాబాదులోని ఫ్రెంచి దళాన్ని ఒక్క రక్తపు బొట్టు చిందకుండ నిరాయుధం చేయించినాడు. రెండేండ్లకు, అనగా 1800 అక్టోబరులో, మరియొక సంధి జరిగినది. దాని ప్రకారం బళ్లారి, అనంతపురం, కడప సీమలు, కర్నూలులో కొంత భాగము కంపెనీవారి సైన్యపు ఖర్చుల క్రింద దత్తమైనవి. నేడు మనం రాయలసీమ అని గర్వంగా చెప్పుకొనే నేల ఒక దొరతనం నుండి మరియొక దొరతనానికి మారిన వ్యవహారం ఈయన చేతులమీదనే నడిచినది. కాబట్టి కర్క్‌పాట్రిక్ కథ వినేటప్పుడు ఆయన ప్రేమగాథను ఒక్కదానినే తలచుకొని మురియడం మాకు సమ్మతం కాదు. ఆ గాథ కూడ నిజమే. దత్తమండలాలు కూడ నిజమే.

భూమి సంపాదించిన తీరును సర్ జాన్ మాల్కం తన వ్రాతలలో ముచ్చటగా చెప్పినాడు. రెసిడెంటు తనకు కావలసిన స్థలాన్ని పెద్ద కాగితంపై గీయించి, రంగులు వేయించి నైజాము ఎదుట పరిపించినాడు. నిజాం అలీఖాన్ దానిని చూచి తల అడ్డముగా త్రిప్పినాడు. రెసిడెంటు చిన్నబోయి మంత్రిని కారణమడుగగా, ఆయన నవ్వి, నీవు తెచ్చిన పటం మా ప్రభువు రాజ్యపటమంత ఉన్నది, ఇంత భూమి ఎవరిస్తారు, చిన్న చీటీమీద గీయించి తీసుకొనిరా అన్నాడట. అట్లే చేయగా మారుమాట లేకుండ అనుమతి లభించినది. స్థలమే కాదు, కట్టడపు వ్యయమంతా నైజాము ఖజానానుండియే వచ్చినది. ఈ సంగతి గుర్తుంచుకొనవలె. ముందు మరల దీని పని పడుతుంది.

నమూనా గీచి పని నడిపినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన సామ్యుయేల్ రస్సెల్ అనే లెఫ్టినెంటు. 1803లో ప్రారంభమైన పని 1806 ప్రాంతాన ముగిసినది. ఉత్తర దిశగా ఇరవైకి పైగా వెడల్పాటి మెట్లు, వాటికి ఇరువైపుల రెండు సింహాలు, పైన కొరింథియన్ రీతి స్తంభాలు ఆరు, ఆ స్తంభాలపై త్రికోణంలో కంపెనీవారి రాజలాంఛనం ఉన్నవి. లోపలికి పోగా రెండంతస్తుల ఎత్తు గల దర్బారు మందిరం, దానిచుట్టూ పై అంతస్తున వసారా, అటు పిమ్మట రెండుగా చీలి పైకెక్కే మెట్లవరుస వస్తవి.

రూపం ఆంగ్లేయులదే. పదార్థం మాత్రం పూర్తిగా ఈ నేలది. జూబిలీ హిల్స్‌లో ఇంటి పునాదికి అడ్డు వచ్చినదని మనం మందుపెట్టి పగులగొట్టే బండరాయి ఉన్నదే, సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గల ఆ నల్లసేనపు రాయియే ఆ స్తంభాల లోపల ఉన్నది. దానిపై సున్నపు గచ్చు. ఆ కాలపు దక్షిణదేశపు గచ్చును చూచి పాలరాయి అని భ్రమపడిన విదేశీ యాత్రికులు లేకపోలేదు. సున్నపురాయిని కాల్చి, నీటగుంటలో వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పే రాతి గానుగలో నూరి, దానిలో కరక్కాయ నీరు, బెల్లపు నీరు పోసేవారు. తుదిపూతకు వస్త్రగాళితం పట్టిన సున్నంలో కోడిగ్రుడ్డు తెల్లసొన, పెరుగు కలిపి, పలుచగా పూసి, నున్నని గులకరాతితో ముఖం కనబడేవరకు రుద్దేవారు. మన తాపీ పనివారు డంగుసున్నం అని పిలిచేది దీనినే. పల్లాడియో గ్రంథానికి ప్రాణం పోసినవి ఈ చేతులు. ఆ పనివారి పేర్లు ఏ ఫలకం మీదను చెక్కి లేవు.

కర్క్‌పాట్రిక్ వివాహమాడిన ఖైరున్నీసా బేగం హైదరాబాదు గొప్పకుటుంబపు ఆడపడుచు. మీర్ ఆలం మంత్రికి బంధువర్గం. ఆమెకోసం ఆయన ఇస్లాం మతం స్వీకరించినాడు. ఈ వివాహంపై కలకత్తా అధికారులు విచారణలు జరిపినారు. ఆయనకు హష్మత్ జంగ్ అనే బిరుదు కూడ ఉండేది. బేగం ఘోషాలో ఉండునది గనుక ఆమెకై ఆవరణలోనే రంగమహల్ అనే ప్రత్యేక భవనం, దానిలో మొగలు పద్ధతిని తోట, నీటి కుండాలు కల్పించినాడు. పెద్ద కోఠీ రూపాన్నే చిన్నదిగా మలచిన ఒక నమూనా ఆ తోటలో నిలబెట్టినారు. బయటకు వచ్చి కోఠీ ముఖం చూడలేని బేగం దానిని చూచి సంతోషించుటకు కట్టించినాడని జనశ్రుతి. పిల్లల బొమ్మరిల్లు అని మరికొందరి మాట. మాకు రెండవదే నమ్మదగినదిగా తోస్తుంది. ఆ ఇంట ఇద్దరు పసివారు ఉన్నారు గదా.

ఆ పసివారిని 1805లో ఇంగ్లండుకు పంపివేసినారు. బాబుకు ఐదవ ఏడు, పాపకు నాలుగవ ఏడు నడుస్తున్న వయస్సు. ఓడ ఎక్కబోయేముందు మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు వారిద్దరిని హైదరాబాదు దుస్తులలో నిలబెట్టి చిత్రించినాడు. తండ్రి ఆ ఏడే అక్టోబరు 15వ తేదీన కలకత్తాలో మరణించినాడు. తాను తలపెట్టిన సౌధం సంపూర్ణం కావడం ఆయన చూడలేదు. ఖైరున్నీసా 1813లో హైదరాబాదులో కన్నుమూసినది. పిల్లలను ఆమె మరల చూడలేదు. కూతురు కిట్టీ ఇంగ్లండులో పెరిగి పెద్దదయినది. ఆమె పడుచుదనపు పరిచయస్థులలో థామస్ కార్లైల్ ఒకడు. తరువాత ఎన్నడో ఆమె, హైదరాబాదులో రెసిడెంటుగా పనిచేసిన హెన్రీ రస్సెల్ గారి స్వాలోఫీల్డు సౌధానికి పోగా, అక్కడ గోడపై తన బాల్యపు చిత్రం వ్రేలాడుతూ కనబడినదట. చూచి కంటతడి పెట్టినదని చెబుతారు. ఆంగ్లదేశపు పల్లెసౌధంలో హైదరాబాదు పాప బొమ్మ, హైదరాబాదులో ఆంగ్లదేశపు పల్లెసౌధపు బొమ్మ, ఒకదానికొకటి ఎన్ని వేల మైళ్ల దూరాన ఉన్నవో ఆలోచించండి. హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాతో కిట్టీకి 1840ల నాటికి ఉత్తరాలు నడిచినవి. అమ్మమ్మ చెప్పగా పారసీకంలో వ్రాసిన ఉత్తరాలవి.

1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వాన రోహిల్లాలు, నగర ప్రజలు ఈ రెసిడెన్సీపై దాడి చేసినారు. ఫిరంగుల ముందు వారు నిలువలేకపోయినారు. తుర్రెబాజ్ ఖాన్‌ను తరువాత కాల్చి చంపినారు. మౌల్వీని అండమానుకు పంపినారు. నేడు కోఠీలో ఆ దాడికి స్మారకం ఉన్నది. ఆ దాడి తరువాత ఆవరణకు కోటగోడల వంటి గోడలు లేచినవి. మనసులలో కూడ గోడలు లేచినవి. 1860 ప్రాంతంలో వచ్చిన రెసిడెంటుకు రంగమహల్ ఉనికి రుచించలేదు. తన పూర్వాధికారి ఒక ముసల్మాను స్త్రీతో కాపురముండిన జ్ఞాపకమే ఆయనకు అపచారమనిపించినది. రంగమహల్‌ను పడగొట్టించినాడు. మిగిలినది ప్రవేశద్వారమున్ను, ఆ బొమ్మరిల్లున్ను.

ఆ పిదప రెసిడెంట్లు వచ్చినారు, పోయినారు. వారి వరుసను చెప్పి మిమ్ము విసిగింపము. రెసిడెన్సీ బజారులు 1933లో నైజాముకు తిరిగి దఖలుపడినవి. 1947లో ఆంగ్లేయులు వెళ్లినారు. 1924లో స్థాపితమైన మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణలోకి మారినది. మా అభిప్రాయంలో ఈ సౌధానికి జరిగిన మేలు అన్నిటిలోను ఇదే గొప్పది. తలుపులు మూసి తాళం వేసిన ఇల్లు పదేండ్లలో కూలిపోతుంది. దర్బారు మందిరంలో బాలికలు పాఠాలు చదువుకొన్నారు గనుకనే, ఏడాదికొకమారు ఎవరో ఒకరు పైకప్పు కారుతున్నదని ఫిర్యాదు చేసినారు గనుకనే, అది నిలిచినది. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. తన పొలంలో పండిన గింజను దొరగడీకి పోనీయకుండ నిలిచిన పాలకుర్తి రైతుబిడ్డ పేరు, కంపెనీవారి లాంఛనం చెక్కిన నెన్నుదురు గల ఆవరణకు వచ్చినది.

కళాశాల రక్షించినదన్న మాట నిజమే అయినా, కట్టడం క్రుంగినమాట కూడ నిజమే. పైకప్పులో నీరు ఇంకి టేకు దూలాలకు చెదలు, కుళ్లు పట్టినవి. గోడ నెర్రెలలో రావిమొక్కలు మొలిచినవి. ఇటువంటి పాత కట్టడాలలో వీటికంటె ఎక్కువ చెరుపు చేసేది మరొకటి ఉన్నది. అది మన సదుద్దేశంతో పూసే సిమెంటు.

ఈ విషయం కొంచెం వివరించవలె. ఎందుకనగా, మా మాటలు వింటున్న ఇళ్లలో తాతలనాటి మండువా ఇల్లు గలవారు అనేకులు ఉంటారు. సున్నపు గోడ ఊపిరి తీసికొనే గోడ. వానలో తడిసిన చెమ్మ ఎండలో గచ్చుగుండానే వెలుపలికి పోతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని, ఏండ్లు గడచినకొలది మరల సున్నపురాయియై గట్టిపడుతుంది. దానిపై సిమెంటు పూసినామా, ఆ ఊపిరి ఆగిపోతుంది. చెమ్మ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, ఇటుక పిండిపిండి అవుతుంది. పైకి సిమెంటు మాత్రం నున్నగా కనబడుతూనే ఉంటుంది. ఒకనాడు పెళ్లగా ఊడినప్పుడు, ఇటుకలను కూడ వెంటబెట్టుకొని పడుతుంది. పాత ఇంటికి మరమ్మతు చేయించేవారు మేస్త్రిని ముందుగా అడుగవలసిన ప్రశ్న, డంగుసున్నం కలపడం వచ్చునా అని. రాదన్నచో మరొక మేస్త్రిని వెదకవలె.

రెసిడెన్సీ సంగతికి వత్తాము. 2002లో ప్రపంచ స్మారక నిధి అనే అంతర్జాతీయ సంస్థ, ప్రపంచంలో ప్రమాదస్థితిలో ఉన్న కట్టడాల పట్టికలో దీనిని చేర్చినది. తరువాత ఆ సంస్థ తోడ్పాటుతో జీర్ణోద్ధరణ దఫదఫాలుగా, ఏండ్ల తరబడి సాగినది. 2023లో భవనం తలుపులు ప్రజలకు తెరచినారు. పని ఆలస్యమైనదని అప్పుడప్పుడు విసుగుకొన్నవారు ఉన్నారు. సున్నం తొందరపడదు. ఒక పూత ఆరనిదే రెండవ పూత వేయరాదు, వానకాలంలో అసలే వేయరాదు. పని ఎరిగిన చేతులు కూడ కావలె. సిమెంటు వచ్చిన ఈ నూరేండ్లలో మన తాపీ కుటుంబాలలో తండ్రి నుండి కొడుకుకు డంగుసున్నం విద్య అందడం చాలచోట్ల ఆగిపోయినది. ఒక సౌధాన్ని బాగుచేయడంలో కలిగే రెండవ లాభం ఇదే. నలుగురు పడుచువాళ్లు సున్నం నూరడం నేర్చుకొంటారు, ఆ పని ఇక్కడితో ఆగదు.

ఇంత శ్రమ ఎవరి ఇంటికోసం? మన సీమలను దత్తం చేయించుకొన్నవారి ఇల్లు, మన తుర్రెబాజ్ ఖాన్ దాడి చేసిన ఇల్లు, దీనిని కాపాడడమెందుకు అని అడిగేవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నయే. ఆంగ్లదేశంలో కూడ మరొక రీతిగా ఈ ప్రశ్న వచ్చినది. 20వ శతాబ్దిలో మరణశుల్కాలు పెరిగి, పనివారు కరువై, వందలకొలది పల్లెసౌధాలను యజమానులే పడగొట్టించినారు. 1974లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఆ నష్టాన్నంతటినీ ఛాయాచిత్రాలతో చూపి ఒక ప్రదర్శన జరిపినారు. చూచినవారు నివ్వెరపోయినారు. ప్రభువుల ఇళ్లు మనకెందుకు అని అక్కడి సామాన్యులు కూడ అడిగినారు. నేడు చందాలు కట్టి వాటిని కాపాడేవారిలో ఎక్కువమంది ఆ సామాన్యులే. 1895లో వెలసిన నేషనల్ ట్రస్టు అనే సంస్థ ద్వారా ఆ పని జరుగుతున్నది.

మన సమాధానం ఇంకా సులభం. ఇందాక చెప్పిన ఖజానా సంగతి గుర్తుకు తెచ్చుకోండి. సౌధానికి డబ్బు నైజాముది, అనగా తెలంగాణా, మరాట్వాడా, కన్నడ సీమల రైతులు కట్టిన శిస్తు. రాయి ఇక్కడిది, సున్నం ఇక్కడిది, కూలి ఇక్కడివారిది. కంపెనీవారు తెచ్చినది ఒక్క కాగితంపై గీత మాత్రమే. తమ తాతలు కట్టిన ఇంటిలో అద్దెకున్నవాడు చెడ్డవాడని ఎవరైనా ఇల్లు కూలనిస్తారా?

ఇక రంగమహల్ మాట. దానిని మరల కట్టరాదా అని చాలమంది ముచ్చటపడతారు. ఫిలిం నగర్ నేర్పరులకు అప్పగించినచో నెల తిరగకుండ చిలుకలతో, నీటి కుండాలతో సహా నిలబెట్టగలరు. చూచేవారికి కన్నులపండువుగా కూడ ఉంటుంది. అయినా లేనిదానిని ఉన్నట్లు చూపడం వారి విద్య, అది గొప్ప విద్యయే. జీర్ణోద్ధారకుల విద్య వేరు. పడగొట్టిన చోటు పడగొట్టినట్లే ఉండి, ద్వారం మాత్రం మిగిలి ఉండడమే ఖైరున్నీసా కథను చెప్పే పద్ధతి అని మా నమ్మకం.

చేయవలసినది వేరే ఉన్నది, అది చిన్న పని. ఏటేట మృగశిర కార్తె ప్రవేశించకముందే ఒక మనిషి ఆ మిద్దె ఎక్కి, నీటి తూములలో చేరిన ఆకులను తీసివేసి, నెర్రెలో కనబడిన రావిమొక్కను వేరుతో సహా పెరికి, ఆ చోట ఒక దోసెడు డంగుసున్నం మెత్తి దిగిరావలె. దానికి ఒక నిచ్చెన, ఒక తాపీ, ఒక పూట కూలి చాలును.